బాపు దాచిన చౌడు మడి

నా చిన్నప్పుడు మా బాపు, తనను ఎవరైనా నాలుగు మాటలంటే ఊరుకునేవాడు గానీ, మా చేనును ఒక్క మాటంటే ఊరుకునేవాడు కాదు. బోధన్ దగ్గర మాది చెరుకు చేను. ఎగువ మడిలో గడలు మనిషిని మించి లేచేవి. దిగువ మడిలో మాత్రం కాలువ నీళ్లు నిలిచి నిలిచి, నేల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర కట్టేది. ఏటేటా ఆ తెలుపు ఒక సాలు ముందుకొచ్చేది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఒకసారి సేద్యం సలహాలు చెప్పే సర్కారు గ్రామసేవక్ వచ్చి, మట్టి ఇస్తే పరీక్ష చేయించి తెస్తానన్నాడు. మన్ను పరీక్ష తప్పితే ఏ తరగతిలో కూర్చోబెడతారని ఊళ్లో ఒకటే నవ్వులు. పేరు పోతుందని భయపడ్డాడో ఏమో, మా బాపు ఎగువ మడిలో, అదీ పెంట వేసిన చోట, నల్లటి మట్టి ఏరి ఏరి గుడ్డసంచి నింపాడు. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు, అందులో ఒక్క రాయి కూడా ఉండనివ్వలేదు.

మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె అదంతా చూసింది. బాపు అటు పోగానే నన్ను వెంటబెట్టుకొని దిగువ మడికి నడిచింది. ఆమె పారతో తవ్వుతుంటే నేను ఆ తెల్లమట్టిని ఇంకో సంచిలోకి ఎత్తాను. బాపుకు తెలిస్తే ఏమవుతుందోనని భయపడుతూ చేతులు లంగాకు తుడుచుకున్నాను. ఆ సంచి కూడా బాపు పేరు మీదే గ్రామసేవక్‌కు అందింది.

కొన్నాళ్లకు రెండు చీటీలు వచ్చాయి. గ్రామసేవక్ మంచివాడు. నలుగురిలో మొదటిదే చదివి, మట్టి బాగుందన్నాడు. రెండోది మా ఇంటికొచ్చి చదివాడు. చౌడు పాకుతోందట. నీళ్లు తగ్గించి, నిలిచినవి పోయేలా కాలువ తీసి, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ వేసి కలియదున్నకపోతే మడి మొత్తం చేజారుతుందట.

బాపు ముఖం మాడిపోయింది. ఈ మట్టి ఎవరిచ్చారని అడిగాడు. నేను అవ్వ వెనక్కి జరిగాను.

"నేనే ఇచ్చిన కొడుకా. నొప్పి ఒకకాడుంటే ఇంకోకాడ సూపెడితె, వైద్యుడు మాత్రం ఏం జేస్తడు?" అన్నది అవ్వ.

బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లవారి పార భుజాన వేసుకొని, వాకిట్లో ఆగి నన్ను పిలిచాడు.

"ఏడ తవ్విండ్రో సూపెట్టు బిడ్డా."

నేను చూపించిన చోటి నుంచే కాలువ మొదలుపెట్టాడు. ఆ మడి ఒక్క ఏడాదిలో బాగుపడలేదు. మూడో ఏట చెరుకు నిలబడితే, మొదటి గడ విరిచి బాపు అవ్వ చేతిలో పెట్టాడు. పళ్లు లేని అవ్వ నవ్వి, దాన్ని నాకిచ్చింది.

తప్పు దాచనివ్వని అవ్వకూ, తెలిశాక నన్ను ఒక్క మాట అనని బాపుకూ నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మొన్న నా కొడుకు పరీక్షకని మట్టి సంచి పట్టుకొని బయలుదేరాడు. గడప దాటకముందే అడిగాను.

"దిగువ మడిది తీసినవా?"