ఇంద్రజ చేతి బోణీ

మా కారంపూడిలో మిరప విత్తనాలకొచ్చే రైతు షాపు మెట్టెక్కకముందే అడిగే మాట ఒకటే, "ఇంద్రజమ్మ ఉందా?" అని. ఆ పిల్ల చెయ్యి మంచిదంట. ఆమె చేత్తో ప్యాకెట్ ఇస్తే నారు ఒత్తుగా మొలిచిద్దంట. వాళ్ల నాన్న త్రికోటేశ్వరరావు బాబాయి కౌంటర్ దగ్గరే కూర్చున్నా, "నువ్వొద్దులే, అమ్మాయిని పిలువు" అనేవాళ్లు మొహమాటం లేకుండా. ఒకసారి ఆమె జ్వరమొచ్చి పడుకుంటే ప్యాకెట్లు ఆటోలో ఇంటికి పట్టుకెళ్లి, ఆమెతో ముట్టించి తెచ్చారు. నవ్వులాట కాదు, నా కళ్లతో చూశా. వాళ్ల ఎదురు షాపులో జాకెట్లు కుట్టుకునే విజయలక్ష్మిని నేను. ఆ షాపులో ఎవరన్నా దగ్గినా నాకు వినపడుద్ది.

ఇంద్రజ బీఎస్సీ అయిపోయి పై చదువుకి పోదామనుకుంటున్నప్పుడు వాళ్లన్న యోగేశ్‌కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. బాబాయికి మోకాళ్లు పోయినయ్. "ఈ ఒక్క సీజను చూడమ్మా" అన్నాడు కూతుర్ని. ఆ ఒక్క సీజను ఇంకా అవలేదు. పురుగుమందులు అమ్మాలంటే డిగ్రీ ఉండాలంట, అందుకని లైసెన్సుకి ఆ పిల్ల డిగ్రీయే పెట్టారు. కంపెనీల వాళ్లతో మాట్లాడేది ఆమె, సరుకు దింపించుకునేది ఆమె, తెగులొచ్చిన ఆకు పట్టుకొచ్చిన రైతుకి జవాబు చెప్పేది ఆమె. బాబాయి పని ఏందయ్యా అంటే, పేపరు చదవటం, వచ్చినోళ్లకి టీ చెప్పటం.

పోయినేడు శ్రావణంలో ఆమెకి ఇరవై తొమ్మిది నిండినయ్. నా మిషన్ మీదే కేకు పెట్టి కోశాం. నేను ఊరుకోకుండా, "ఏమే, ఇంకో ఏడాదిలో ముసలిదానివే! ముప్పైలోపు అది చెయ్యాలి, ఇది చెయ్యాలని ఫోన్లల్లో పెట్టుకుంటారు గదా మీ ఈడు వాళ్లు, నువ్వేం అనుకున్నావ్?" అని గిల్లా.

"అనుకున్నా అక్కా. కారు నేర్చుకోవాలని, అరుణాచలం పోవాలని, అందరూ పెట్టుకునేయే నేనూ పెట్టుకున్నా. తర్వాత అన్నీ తీసేశా. ఒక్కటే ఉంచుకున్నా" అని కేకు చేత్తోనే ఎదురుగా వాళ్ల షాపు బోర్డు చూపించింది. "ముప్పై వచ్చేలోపు ఆ బోర్డు మీద నా పేరుండాలి."

"ఓసి పిచ్చిదానా! బుద్ధిగా పెళ్లి గురించి అనుకోవే" అన్నా.

"పెళ్లంటే ఇంకొకళ్లు గూడా ఒప్పుకోవాలి గదక్కా. బోర్డయితే నా కష్టంతో అయ్యే పని" అంది. అప్పుడు ఆ మొహం చూడాల్సింది మీరు. నిజంగా నమ్మింది.

ఆ ఏడాదంతా ఎట్టా తిరిగిందనుకున్నారు! బస్టాండ్ దగ్గర పెద్ద షాపు మాట్లాడింది. నన్ను గూడా పక్క షట్టర్లోకి లాక్కొచ్చింది, నువ్వు లేకపోతే నాకు తోచదు అక్కా అని. కొత్త షాపుకి కొత్త బోర్డు ఎట్టాగూ కావాలి. ఒకరోజు అన్నాలు తినేటప్పుడు వాళ్ల నాన్ననే నోరు తెరిచి అడిగిందంట. ఆయన "చూద్దాంలేమ్మా" అన్నాడంట. "కాదనలేదక్కా!" అని నా దగ్గరికొచ్చి ఒకటే సంబరం. ఆ ఇంట్లో చూద్దాంలే అంటే ఏందో నాకు తెలుసు.

నాలుగు రోజులకి వాళ్లమ్మ జయలక్ష్మి పిన్ని జాకెట్ కొలతకొచ్చి తనే ఎత్తింది. "దానికేమన్నా పిచ్చా విజయా? రేపు పెళ్లయి పోయే పిల్ల. ఇంటిపేరు మారుద్ది, ఊరు మారుద్ది. దాని పేరు పెట్టుకుని మళ్లీ మేం బోర్డు మార్చుకోవాలా?" అంది. నాకు ఒళ్లు మండింది. పని చేయించుకునేటప్పుడు గుర్తు రాలేదా తల్లీ, పోయే పిల్ల అని?

ఈ శ్రావణంలో శుక్రవారం నాడు కొత్త షాపు పూజ పెట్టుకున్నారు. యోగేశ్ పెళ్లాం పిల్లతో దిగాడు. బోర్డుకి కప్పిన గుడ్డ అతనే లాగాడు. 'శ్రీ జాహ్నవి ఏజెన్సీస్.' జాహ్నవంటే యోగేశ్ కూతురు, ఇంకా పళ్లు గూడా రాలా దానికి. అందరూ చప్పట్లు కొట్టారు. "మనవరాలు పుట్టిన వేళ బాగుంది, అందుకని" అంటన్నాడు బాబాయి, ఎవరూ అడక్కపోయినా.

నేను ఊరుకుంటానా? "జాహ్నవికి మాత్రం పెళ్లి కాదా పిన్నీ? ఇంటిపేరు మారదా?" అని అందరి ముందే అడిగేశా. "శుభమా అని పూజ జరుగుతుంటే ఏం మాటలే అవి!" అని కసిరింది పిన్ని. ఇంద్రజ మటుకు కొయ్యబారినట్టు నిలబడే ఉంది. ఏడవలేదు.

"రామ్మా ఇంద్రా, బోణీ నీ చేత్తోనే" అని పిలిచాడు బాబాయి. పక్కూరి వెంకటాద్రి తాత అప్పటికే రెండు చేతులూ చాపుకుని నిలబడ్డాడు. ఏటేటా మొదటి ప్యాకెట్ ఆయనదే. ఇంద్రజ ప్యాకెట్ తీసుకుంది. తాతని దాటుకుని పోయి, వదిన చంకలో ఉన్న పసిపిల్ల గుప్పిట్లో పెట్టింది. "బోర్డు ఎవరిదో బోణీ గూడా వాళ్లతోనే చేయించండి నాన్నా" అంది.

పసిపిల్లకేం తెలుసు, వదిలేసింది. బోణీ ప్యాకెట్ పోయి గడప దగ్గర పడింది. అందరూ అయ్యో అన్నారు. బాబాయి ఆ మోకాళ్లతోనే వంగి తీసి, కళ్లకద్దుకుని తాతకిచ్చాడు. తీసుకోడులే అనుకున్నా నేను. ఆ పిల్ల చెయ్యి తగలందే విత్తనం ముట్టని మనిషి గదా!

తీసుకున్నాడు. "ఎవరి చేతైతే ఏందిలే, మొలవటం గదా కావాల్సింది" అని నవ్వాడు. అందరూ నవ్వారు.

బోర్డు చూసినప్పుడు నిలబడ్డ పిల్ల, ఆ మాటకి గోడకి ఆనుకుంది. ఇన్నేళ్లూ ఆమెకి వాళ్లిచ్చింది ఆ ఒక్క మాటే, నీ చెయ్యి మంచిదమ్మా అని. అది గూడా ఉత్తదే అని ఆ నవ్వులో తెలిసిపోయింది. వాళ్ల నాన్న మీద కంటే ఆ ముసలాయన మీదే నాకు చానా కోపం వచ్చింది. "ఇంద్రా, తాతకి బిల్లు రాయమ్మా" అన్నాడు బాబాయి. పోయి కూర్చుని రాసింది.

ఆ నెలాఖర్న ఆమెకి ముప్పై నిండినయ్. కేకు వద్దక్కా అని ముందే చెప్పింది. మనసాగక నేనే ఇంత పాయసం కాచి గిన్నెలో పట్టుకుపోయా. అదే సమయానికి వెంకటాద్రి తాత ఆయాసపడుతూ వచ్చాడు.

"మొన్నది సగం గూడా మొలవలేదు తల్లీ. ఈసారి నీ చేత్తో ఇయ్యి" అని రెండు చేతులూ చాపాడు.

ఇంద్రజ ప్యాకెట్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"చేతికియ్యమ్మా" అన్నాడు తాత.

"ఎవరి చేతైతే ఏందిలే తాతా" అంది, బిల్లు రాస్తూ, తలెత్తకుండా.

ఆయన ఆ చాపిన చేతులతోనే కౌంటర్ మీద నుంచి తీసుకుని పోయాడు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ఆ పిల్ల ప్యాకెట్ కౌంటర్ మీదే పెడుతుంది.