నడవని దారి చెప్పినవాడు

ఆ డిసెంబరులో అమృతరాజు రోజూ తెల్లవారుజామునే మారికుప్పంలోని తన ఇంటినుంచి బయలుదేరి, బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల చుట్టూ రెండు చుట్లు నడిచి వచ్చేవాడు. వీపున సంచి, అందులో బరువు అలవాటు కావడానికి రెండు ఇటుకలు. ఒకదాని మీద ఒకటి రెండు జతల మేజోళ్లు, మడమలకు కొబ్బరినూనె. మంచులో పది అడుగుల దూరం కూడా కనిపించేది కాదు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. బంగారు గనులు మూతపడేదాకా భూమి లోపల పనిచేశాడు. తరువాత చాలా ఏళ్లు రోజూ రైలెక్కి బెంగళూరు పోయి వాచ్‌మన్ పని చేశాడు.

జనవరిలో ఒంటరిగా వేళాంగణి మాత దగ్గరికి నడిచి పోవాలని ఈ తయారీ అంతా. దగ్గరదగ్గర నాలుగు వందల కిలోమీటర్లు. "ఈ చలిలో రెండో తూరి పోతాండాడు చూడు" అని వీధిలో గౌరవంగా చెప్పుకునేవారు. రెండోసారి కాదని ఆయన ఒక్కడికే తెలుసు.

కిందటేడు భార్య జూలియాకు పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆమె బతికితే నడిచి వస్తానని మొక్కుకున్నాడు. బయలుదేరిన మూడోరోజు కృష్ణగిరి చేరేసరికి మడమలు రెండూ పగిలాయి, చలికి కాళ్లు కొయ్యబారాయి. బస్టాండులో టీ తాగుదామని కూర్చున్నవాడు ఎదురుగా ఆగిన బస్సెక్కేశాడు. మర్నాటికల్లా వేళాంగణిలో ఉన్నాడు. వెంటనే తిరిగి వస్తే అడుగుతారని అక్కడి సత్రంలో పన్నెండు రోజులు ఊరికే గడిపాడు. నిజంగా నడిచి వచ్చినవాళ్లు పక్కనే కూర్చుని అరికాళ్లు ఒత్తుకుంటుంటే, రోజూ సాయంత్రం జూలియాకు ఫోన్ చేసి, ఆ రోజుకు తాను చేరి ఉండవలసిన ఊరి పేరు చెప్పేవాడు. తిరిగొచ్చాక చర్చిలో ఆదివారం పూజప్పుడు ఫాదర్ ఆయన్ను ముందుకు పిలిచి దండ వేశారు. జూలియా సంతోషంతో ఏడ్చింది.

ఈసారి నిజంగా నడిస్తే పాత అబద్ధం కూడా దానంతటదే నిజమైపోతుందని ఆయన ఆశ.

అంతలో వీధి చివరనుండే జెరాల్డ్ నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. పెళ్లైన ఏడేళ్లకు కూతురు పుట్టిందని అతనికీ మొక్కుంది.

"అన్నా, క్రిస్మస్ ముందరే నేనూ ఒంటరిగా పోతాండా. రాత్రుళ్లు యాడ పండుకున్నావో చెప్పు, రాసుకుంటా."

గుర్తులేదని అనవచ్చు. కాని జూలియా కాఫీ తెచ్చి పక్కనే నిలబడి వింటోంది.

"ఊత్తంగరై దాటినాక నాలుగు మైళ్లకు ఎడమపక్క చిన్న చర్చి ఉండాది" అన్నాడు అమృతరాజు. "వరండాలో పండుకోనిస్తారు. దుప్పటి గూడా వాళ్లే ఇస్తారు. నువ్వు మోసుకోని పోబాకు, బరువు."

జెరాల్డ్ అంతా రాసుకున్నాడు. వెళ్లిన వారానికే అతన్ని కారులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. న్యుమోనియా. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన రోజు అమృతరాజు చూడబోయాడు. జెరాల్డ్ ఆయాసపడుతూనే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నాదే తప్పన్నా. నువ్వు చెప్పిన చర్చి కనుక్కోలేకపోయినా. వానలో వెతికి వెతికి బస్ షెల్టర్లో పండుకుంటి. ఇంత చలిలో అన్న ఒక్కడే నడిచినాడే అని నిన్నే తలుచుకుంటా ఉన్నా."

అమృతరాజు తల ఎత్తలేకపోయాడు. "ఆ చర్చి లేదు జెరాల్డూ. ఆ దారిలో నేను నడవనే లేదు. కృష్ణగిరిలో బస్సెక్కినా."

జెరాల్డ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతని భార్య ప్రిన్సీ తలుపు దగ్గరికి వచ్చి, "ఇంగ పోప్పా, ఆయన నిద్రపోవాల" అంది.

ఇంటికి వచ్చి జూలియాకూ చెప్పాడు. ఆమె ఆయన ఉన్ని టోపీ చిరుగు కుడుతోంది.

"నువ్వు ఫోన్లో చెప్పిన ఒక్కొక్క ఊరికీ ఒక జపమాల చెప్పినా నేను. విల్లుపురం అంటే విల్లుపురానికి. అప్పుడు యాడుండావు నువ్వు?"

"సత్రంలో, చాప మీద."

రెండు రోజులు గడిచాయి. మూడోరోజు, "పోతావా?" అంది.

"పోతా."

"ఈ తూరి ఫోన్ చేయబాకు. ఏ ఊళ్లో ఉండావో నాకు చెప్పనే చెప్పబాకు."

ఆదివారం పూజ అయ్యాక ఆయన అందరి ముందూ నిలబడి జరిగింది చెప్పాడు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. జనవరి రెండున బయలుదేరినప్పుడు సాగనంపడానికి వీధిలోకి ఎవరూ రాలేదు.

పద్దెనిమిది రోజులు నడిచాడు. బస్సులో తిరిగి వచ్చేసరికి జెరాల్డ్ కోలుకుని పనికి పోతున్నాడు. ఎదురుపడితే ఇప్పటికీ పక్క సందులోకి తిరిగిపోతాడు.

జూలియా అన్నం పెట్టింది, ప్రయాణం గురించి ఏమీ అడగలేదు. కాసేపటికి వేడినీళ్ల బకెట్టు తెచ్చి ముందు పెట్టి, "కాళ్లు చూపించు" అంది.

ఈసారి ఆ కాళ్లు దారంతా నిజంగానే నడిచి పగిలాయి. అయినా ఆమెకు చూపించడానికి సిగ్గేసి, అమృతరాజు పంచె కిందికి లాక్కున్నాడు.