రెండు నుంచి మొదలైన లిస్టు

మా సిస్టరమ్మ పోయిన సంగతి నాకు ఎల్లారెడ్డి బస్టాండ్ల తెలిసింది. ఆ రోజు బుధవారం, చిన్నపిల్లలకు టీకాలు వేసే రోజు, ఆమె కోసం అక్కడ ఆగిన. కామారెడ్డి బస్సు వచ్చింది, అందరు దిగిన్రు, ఆమె దిగలే. కండక్టర్‌ను అడిగితే ఇయ్యాల ఎక్కలేదన్నడు. ఫోన్ చేసిన. ఆమె కొడుకు ఎత్తిండు. అమ్మ పొద్దుగాల చాయ్ పెడుతు పెడుతు గుండె ఆగి పడిపోయింది అక్కా, దవాఖానకు తీస్కపోయెటాలకే అయిపోయింది అన్నడు. నాకు ఏడుపు రాలే. మరి ఇయ్యాల టీకాలు ఎవరు వేస్తరు అని అడిగిన. ఆ మాట ఎందుకు నోట్లెకెళ్లి వచ్చిందో, యాదికొస్తే ఇప్పటికి సిగ్గైతది. ఆ పిల్లగాడు తప్పు పట్టలే. అమ్మ ఉన్నా గదే అడుగుతుండె అక్కా అన్నడు.

ఆమె మా సబ్ సెంటర్ ఏఎన్ఎం. నేను ఆమెతోని పనిచేసే ఆశ వర్కర్‌ను. ఆమె పేరు ఇక్కడ రాస్తలేను, ఎందుకంటే మా ఊర్లె ఎవ్వరు ఆమెను పేరుతోని పిలువలే. ముసలోళ్లకు, పిల్లలకు, అందరికి సిస్టరమ్మనే. పుట్టింది బీబీపేట దిక్కు, ఉండేది కామారెడ్డిల. ఏండ్ల సంది అదే బస్సు, డ్రైవర్ ఎన్క రెండో సీటు. ఆదివారం చర్చికి, మిగిలిన రోజులు మా ఊరికి. ఇంకొక్క ఏడు అయితే రిటైర్ అయ్యేది.

ఎవరింటికి పోయినా కుర్సీ వేస్తమంటే వద్దనేది, గడప పక్కకు కూసునేది. మా దిక్కు ఆడోళ్లు చేతికి పని దొరికినప్పుడల్ల బీడీలు చేస్తరు. వాళ్లు చాట ఒళ్లె పెట్టుకుని ఆకు కత్తిరిస్తుంటే ఈమె గూడ కత్తెర అందుకునేది. ఒక్క ఆకు సక్కగ కత్తిరించేది కాదు. ఆమె గడప దాటినంక వాటిని ఏరి పారేసేటోళ్లు, ఆ సంగతి ఆమెకు గూడ ఎర్కే. "పారేసుకోనీ, పక్కకు కూసొని పని చేస్తే మాట ఇంటరు" అనేది. రెండో అలవాటు పల్లిపట్టీలు. సంచిల ఎప్పుడూ ఉండేటివి. సూది కంటె ముందు తిన్నవా అని అడుగుడు, తినలేదంటే ఒకటి చేతిల పెట్టుడు, తినేదాంక ఆగుడు. నొప్పి కాదని మటుకు ఏ పిల్లకు చెప్పలే. నొస్తది, రెండు రోజులు చెయ్యి బరువుగ ఉంటది, ఆనంక పోతది అని చెప్పేది. అబద్ధం చెప్తే ఆ పిల్ల మల్ల మన మొఖం చూడది అని నాతోని అన్నది.

నాకు కోపం జల్ది వస్తది. ఆమెతోని గూడ చానసార్లు కొట్లాడిన. ఇప్పుడు చెప్పబోయేది మటుకు నేను కొట్లాడలేకపోయిన సంగతి.

ఆడపిల్లలకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండ వేసే టీకా మా దిక్కు వచ్చిన మొదటి ఏడు. హెచ్‌పీవీ టీకా అంటరు. పద్నాలుగు నిండి పదిహేను నిండని పిల్లలకు ఒక్క సూది. బడిల వేయరు, డాక్టర్ ఉండే దవాఖానకే తోల్కపోవాలె, తల్లిదో తండ్రిదో సంతకం ఉండాలె. ఊర్లె పిల్లల లిస్టు రాయమని సిస్టరమ్మ నాకు చెప్పింది. నేను ఆలోచించలే. ఎవరెవరి ఇండ్లల్ల పెద్దమనిషి ఫంక్షన్ అయిందో, నేను ఎవరింట్ల బువ్వ తిన్ననో అవన్ని యాది చేసుకుని లిస్టు రాసిన. పన్నెండేండ్లకే అయిన పిల్ల అందుల వచ్చింది, పద్నాలుగు నిండినా కాని పిల్ల రాలే. నాకు అదే సక్కగ అనిపించింది. ఆడపిల్ల పెద్దగైందంటే మా తాన అదే కొలత.

లిస్టు పట్టుకుని రెండిండ్లు తిరిగిన్నో లేదో, ఊర్లె మాట మొదలైంది. ఈ సూది పెద్దమనిషి అయినోళ్లకేనట, అంటే పిల్లలు కాకుండ చేసేదేమో అని ఒకరు. మా బిడ్డ ఇంక కాలే, మా ఇంటికెందుకొచ్చినవ్ అని ఒకరు తలుపు దగ్గరికేసిన్రు. ఇంకో తిప్పలు ఉండె. మా ఊర్లె సగం మంది మగోళ్లు గల్ఫ్‌ల ఉంటరు. పిల్ల పెద్దమనిషి అయితే తండ్రి సెలవు మీద వచ్చేదాంక ఎవ్వరికి చెప్పరు, ఆయన వచ్చినంకనే ఫంక్షన్ చేస్తరు. అసుంటి ఇండ్లోళ్లకు నా లిస్టుల పేరు పడుడంటే ఊర్లె డప్పు కొట్టినట్టే. నేను చేసిన ఒక్క పనితోని టీకా పేరెత్తితేనే దర్వాజలు మూస్తున్నరు.

సిస్టరమ్మ ఆ లిస్టు చూసింది. తిడతదనుకున్న, తిట్టలే. అద్దాలు తీసి కొంగుతోని తుడుసుకున్నది. బడికి పోయి సార్‌ను రిజిస్టర్ అడిగింది, పుట్టిన తారీఖులు చూసుకుంట కొత్త కాయితం మీద లిస్టు మొదలు పెట్టింది. మొదటి గీత ఇడిసిపెట్టి రెండు అని నంబరు వేసింది. నేను మర్చిపోయిందనుకుని, ఒకటి ఏది సిస్టరమ్మా అన్న.

"ఒకటి నీది. నీ బిడ్డకు వచ్చే నెలల పదిహేను నిండుతయి. నువ్వే రాయి."

నా లిస్టుల నా బిడ్డ పేరు లేదు. నా పెద్దబిడ్డ పెద్దమనిషి అయి అప్పటికే ఐదు నెలలు. నా భర్త మస్కట్‌ల డ్రైవర్. ఆయన దసరాకు వస్తనన్నడు, వచ్చినంక ఫంక్షన్ పెద్దగ చేద్దామన్నడు, అప్పటిదాంక నోరు మూసుకోమన్నడు. నేను మూసుకున్న. ఇంటింటికి పోయి మీ బిడ్డను తోల్కరాండ్రి అని చెప్పుకుంట తిరిగినదాన్ని, నా ఇంట్ల పిల్లను దాచిపెట్టుకున్న. ఆమెకు ఎవరు చెప్పిన్రో తెల్వది. ఎవ్వరు చెప్పి ఉండరు. రోజూ మా ఇంట్ల చాయ్ తాగే మనిషికి ఒకరు చెప్పాల్నా?

నేను ఒక ఉపాయం చెప్పిన. కాయితం మీద తల్లి సంతకం సాలు కదా, అందరి తల్లులతోని చప్పుడు గాకుండ సంతకాలు పెట్టిద్దాం, గల్ఫోళ్లకు ఏం తెలుస్తది అన్న. ఆమె ఒప్పుకోలే. "ఇయ్యాల కాకుంటే ఎల్లుండి తెలుస్తది. నేను బస్సెక్కి పోత, నువ్వు ఈ ఊర్లె బతకాల. తండ్రితోని నేను మాట్లాడుత." గల్ఫోళ్లకు శుక్రవారం సెలవు. ఆ శుక్రవారం నుంచి ఆమె పొద్దున పని అయిపోంగనే ఒక్కొక్క ఇంట్ల గడప పక్కకు కూసొని, ఆ ఇంటి ఫోన్‌లనే వాళ్ల నాయినలకు వీడియో కాల్ చేసుడు మొదలు పెట్టింది. ఒకాయన నిద్ర మొఖంతోని, ఒకాయన బట్టలు ఉతుక్కుంట. మొదట ఏం వంట చేసుకున్నవ్ బిడ్డా అని అడిగేది. సూది మాట చానసేపటికి వచ్చేది.

నా ఇంటికి ఆఖరుకు వచ్చింది. ఆ రోజు నేను పొయ్యి కాడనే ఉన్న, ముందుకు రాలే. నా భర్తకు ఆమె అంటె గౌరవం. అయినా, నేను వచ్చినంక చూద్దాం సిస్టరమ్మా అన్నడు. నువ్వు వచ్చేటాలకు పదిహేను దాటుతయి, మల్ల ఇక్కడ వేయరు అన్నది ఆమె. ఫంక్షన్ కాకముందే సూదికి పోతే ఊరంత ఏమనుకుంటది అన్నడు. పుట్టిన తారీఖు చూసి వేస్తున్న, పెద్దమనిషి అయినోళ్లు, కానోళ్లు అందరు ఒక్క ఆటోల పోతరు, ఎవరు ఎవరో ఎవ్వరికి తెల్వది అన్నది. ఆయన ఇంక ఏదో అనబోయిండు.

"మీ అవ్వను పట్నం దవాఖానకు తీస్కపోయింది యాదికున్నదా బిడ్డా?" అని అడిగింది.

మా అత్త సంగతి అది. ముట్లు ఆగిపోయిన ఏండ్లకు మల్ల రక్తం పోతుంటే సిగ్గుకు కొడుకుకు చెప్పలే, కోడలికి చెప్పలే. బట్టలు ఆమెనే ఉతుక్కునేది. నేను ఒకసారి చూసిన. చూసి గూడ అడగలే, అప్పుడు నాకు ఈ పని లేకుండె. ఆఖరుకు సిస్టరమ్మనే కనిపెట్టి హైదరాబాద్ తోల్కపోయింది. గర్భసంచి ముఖద్వారంల క్యాన్సర్, చాన దూరం పోయిందన్నరు. అత్త ఆ వానాకాలం దాటలే.

"ఆమె సిగ్గుకు దాచింది. ఇప్పుడు మీరు పిల్లను దాస్తున్నరు. ఈ సూదితోని ఆ జబ్బు చానవరకు రాదు, పెద్దగైనంక పరీక్షలు మటుకు చేయించుకోవాల్నే. నీకు ఇష్టం లేకుంట నేను వెయ్య. ఆలోచించుకో." గంతే అని ఫోన్ నా చేతిల పెట్టి, చాయ్ తాగి బస్సుకు పోయింది.

పొద్దుగూకే యాల్లకు ఆయన ఫోన్ చేసిండు. రాయి, అన్నడు. పెట్టేసిండు. తెల్లారి ఆమె లిస్టు నా ముంగట పెట్టింది, నేను ఒకటో నంబరు కాడ నా బిడ్డ పేరు రాసిన. ఆమె కాయితం మడిచి సంచిల పెట్టుకున్నది.

ఆ పేరు రాయంగనే ఊర్లె దర్వాజలన్ని తెరుసుకున్నయ్ అని అనుకునేరు. తెరుసుకోలే. కని నా బిడ్డ ఆటోల ముందుగాల కూసుంటదని తెలిసినంక, నీ బిడ్డకు వేయించినవా అని అడిగేటోళ్లకు నాకు జవాబు దొరికింది. మల్లొచ్చిన శనివారం రెండు ఆటోలు నిండినయి. దవాఖానల సూది అయినంక పిల్లలను అరగంట కూసోబెడతరు. ఆ అరగంట వాళ్లు పల్లిపట్టీలు తినుకుంట, ఎవరి చెయ్యి ఎక్కువ నొస్తుందో పందెం కట్టుకుంట నవ్విన్రు. ఇద్దరు రాలే. వాళ్ల తండ్రులు ఎంత చెప్పినా ఒప్పుకోలే, పిల్లలకు పదిహేను దాటింది. ఆ రెండు పేర్లు సిస్టరమ్మ కొట్టేయలే. నాకు తెలిసి ఆమె ఆ ఇండ్లల్లకు పోవుడు గూడ మానలే.

దసరాకు ఆయన వచ్చిండు, ఫంక్షన్ చేసినం. ఆమె చీర తెచ్చింది, బువ్వ తిన్నది, నా భర్తతోని సూది మాట ఎత్తలే. ఎంత మంచిగ అయింది ఫంక్షన్ అని మాత్రం రెండుసార్లు అన్నది.

ఆమెను కామారెడ్డిల మట్టి చేసిన్రు. మా ఊరికెళ్లి ఆడోళ్లం ఒక ఆటోల పోయినం. చర్చోళ్లు పాటలు పాడిన్రు. మాకు ఆ పాటలు రావు, చేతులు కట్టుకుని నిలబడ్డం. అందరు తలా ఇంత మట్టి వేసిన్రు, నేను గూడ వేసిన. ఆమె మీద నాకు ప్రేమ ఉండెనని తిరిగి వచ్చేటప్పుడు ఆటోల తెలిసింది. బతికున్నప్పుడు చెప్పలే. చెప్తే నవ్వి, ముందు రిపోర్ట్ నింపు అనేది.

సోమవారం సబ్ సెంటర్ తాళం తీసిన. కొత్తామె ఇంక రాలే. బల్ల సొరుగుల పల్లిపట్టీల ప్యాకెట్ సగం ఉన్నది, దాని కింద ఈ ఏటి లిస్టు. బడి రిజిస్టర్ చూసి ఆమె చేతితోని రాసింది, గుండ్రటి అక్షరాలు. మొదటి గీత ఖాళీ. రెండు నుంచి మొదలైంది. నా చిన్నబిడ్డకు ఈ నెలనే పద్నాలుగు నిండినయి. నాకన్న ముందు ఆమెకే యాదికున్నది.

లిస్టు ఇంటికి తెచ్చిన గని పెన్ను పట్టబుద్ధి కాలే. ఆమె అక్షరాల మీద నా రాత పెట్టుటానికి మనసొప్పలే. శుక్రవారం నా భర్త వీడియో కాల్ చేసిండు. సిస్టరమ్మను మట్టి చేసిన ముచ్చట మల్లొకసారి అడిగిండు, ఎవరెవరు వచ్చిన్రని అడిగిండు.

"చిన్నదాని పేరు రాసినవా?" అన్నడు.

లేదన్న. ఫోన్ పెట్టకు, రాయి అన్నడు. ఫోన్‌ను బీడీల చాటకు ఆనిచ్చి పెట్టి, ఆయన చూస్తుండంగ ఒకటో నంబరు కాడ నా చిన్నబిడ్డ పేరు రాసిన. కింద అన్ని ఆమె అక్షరాలు, మీద ఒక్కటి నాది, వంకరగ.