పొయ్యి ముట్టని పూట

గల్ఫ్‌లో ఖోర్ ఫక్కాన్ రేవు పనుల క్యాంపులో మాకు ఏళ్ళ తరబడి వండిపెట్టిన మెస్ కాక మొన్న శుక్రవారం పోయారు. గుండె ఆగిందన్నారు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఇంటికి పంపే కాగితం మీద సంతకం పెట్టాల్సిన కఫీల్, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఊళ్ళో లేడట.

కాక జగిత్యాల దిక్కు మనిషి. నోరు చెడ్డది, చెయ్యి మంచిది. పప్పులో ఉప్పు తక్కువైందంటే గరిటె మన చేతికే ఇచ్చేవారు. నేను స్టోర్ గుమస్తాను. రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని ఆయనకు విప్పి చెప్పడం నా పని.

ఎనభై రెండులో ఫాక్‌లాండ్ గొడవ వచ్చింది. ఎక్కడో సముద్రం చివర ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉన్న దీవులు అవి. మావేనంటూ అర్జెంటీనా సైన్యం దిగింది. రాజీ కోసం అమెరికా మంత్రి ఒకాయన విమానంలో అటూ ఇటూ తిరిగాడు.

"పంచాయితి తెగేదాంక పెద్దమనుషులకు చాయ్ అందుతనే ఉంటది. ఇంటోళ్ళకే బువ్వ దిగది" అన్నారు కాక.

రాజీ కుదరలేదు, యుద్ధం మొదలైంది. మా ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లీషువాడు; క్రేన్ల ఇంజనీరు అర్జెంటీనా ఆయన. ఇద్దరికీ మాటలు బందయ్యాయి. ఒక పొద్దున, ఆ దీవుల్లో సిపాయిగా ఉన్న ఇంజనీరు కొడుకు చనిపోయాడని తంతి వచ్చింది. కాక వెంటనే పొయ్యి ఆర్పేశారు.

"కాకా, ఆకలైతంది" అని కుర్రాళ్ళు గోల పెట్టారు.

"వాడకట్టుల పీనుగ లేవలే. పొయ్యెట్ల ముట్టిస్త?"

శవం సముద్రాల అవతల ఉందంటే వినరే!

రోజూలాగే చాయ్ కోసం ఫ్లాస్కు పట్టుకొచ్చిన ముదీర్, ఇది శత్రువు తరఫున సమ్మె అనుకుని మండిపడ్డాడు. "చూలా జలావ్, నహీ తో వీసా ఖలాస్!" పొయ్యి వెలిగించకుంటే వీసా రద్దేనట.

ఊళ్ళో కాక కుటుంబం ఆ జీతం మీదే బతుకుతోంది. అయినా ఆయన చేతులు కట్టుకుని, "మీ దిక్కు పిల్లగాడు పోయినా గిట్లనే ఆర్పుత, సాబ్" అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. ముదీర్ ఖాళీ ఫ్లాస్కుతో వెళ్ళిపోయాడు. వీసా ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కొడుకును అక్కడే పాతిపెట్టారని ఇంకో తంతి వచ్చేదాకా మేం కొట్టు రొట్టెలే తిన్నాం. అప్పుడు కాక తలస్నానం చేసి పొయ్యి ముట్టించారు. మొదటి పళ్ళెం ఇంజనీరు ముందు పెట్టారు. ఆయన తినలేకపోయాడు. కాక పక్కనే కూర్చున్నారు. అంత మొండి మనిషి కళ్ళు తుడుచుకోవడం అప్పుడే చూశాను.

కాక పోయినప్పటి నుంచి మెస్‌లో ఎవరం పొయ్యి జోలికి పోలేదు. నిన్న పొద్దున ముదీర్ ఫ్లాస్కుతో వచ్చాడు. చల్లారిన పొయ్యి చూశాడు. మూత తీసి, ఖాళీ ఫ్లాస్కును పొయ్యి గట్టు మీద బోర్లించి వెళ్ళాడు. అది ఇంకా అక్కడే ఉంది.