తమ్ముడి నెత్తి వాసన

మొన్న నా మనుమరాలికి ఒళ్లు కాలితే, కోడలు చంకలో పెట్టిన జ్వరంపుల్ల ఇంకా కూయకముందే వంగి పిల్ల నెత్తి వాసన చూశాను. సబ్బు వాసన, దాని వెనక ఇంత కొబ్బరినూనె, అంతే. "ఏం చూస్తున్నరత్తమ్మా?" అని కోడలు నవ్వింది. ఏం చూశానో చెప్పాలంటే దేవరకొండ పక్క మా పల్లెలో, నాకు ఎనిమిదేళ్లప్పటి ఎండాకాలానికి పోవాలి.

మాది గొర్రెలు కాసే ఇల్లు. శివరాత్రి పోగానే బాపు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలసపోతే తొలకరికి గానీ రాడు. అప్పటిదాకా ఖాళీ దొడ్డిలో ఎండిన పెంటికల ఘాటు, పొద్దున అంబలి, మధ్యాహ్నం గోడనీడన కచ్చకాయలాట, దండెం మీద బాపు పాత గొంగడి, వీటన్నిటి మీదా అవ్వ పెత్తనం. అవ్వంటే బాపు తల్లి, పళ్లు లేని నోట్లో ఎప్పుడూ పొగాకు నమిలేది, గుడ్లురిమితే కుక్క కూడా తోక ముడిచేది.

ఆ ఏడు మా వాడలో రెండిళ్లకు అమ్మవారు వచ్చింది. తర్వాత నాలుగేళ్ల మా తమ్ముడు మల్లేశుకు జ్వరం తగిలింది. మూడోనాడు వాడి మెడ మీద ఎర్రటి పొక్కులు చూసి అవ్వ కళ్లు మూసుకొని చెంపలేసుకుంది. గుమ్మానికి వేపమండలు, పక్కలో వేపాకు, కూరకు తాలింపు బంద్, తల్లికి నీళ్లు పోసేదాకా ఎవరూ గడప దాటొద్దు, మందుమాట ఎత్తొద్దు. నాకు పొక్కులకన్నా వాడి ఊపిరంటే భయం. చిల్లుపడ్డ కొలిమితిత్తిలా గొరగొరమనేది. అమ్మ పోసిన అంబలి గుటక పడక చెంపల వెంట కారిపోయేది.

నాలుగోనాటి పొద్దున అమ్మ వాడి మీదికి వంగి, నెత్తి వాసన చూసి, లేచి కొంగు దోపుకుంది.

"అత్తా, పిల్లగాన్ని దవాఖానకు తీస్కపోతున్న."

"నీకేమన్న పిచ్చిలేసిందా? నీళ్లు పొయ్యకముందే తల్లిని గడప దాటిస్తవా? ఇంట్ల ఇంకో పిల్లనడుగుతది!"

ఇంట్లో ఇంకో పిల్లను నేనే.

"గివి చెమటకాయలే అత్తా. వీని వాసన మారింది. అంత మందల గొర్రె తన పిల్లను వాసన చూసి పట్టుకుంటది. నేను గొర్రెకన్న అధ్వానమా?"

తల్లి చచ్చిన పిల్లలను ఇంకో గొర్రెకు అలవాటు చేయడానికి దాని పిల్ల వాసన పూసి పూసి ముసలిదైన అవ్వ ఆ మాటను కాదనలేకపోయింది. అమ్మ గొంగడి తడిపి తమ్ముడికి కప్పి, నా చెయ్యి పట్టి లాగింది. "నడువు బిడ్డా. అడిగితే నన్నే అడుగుతది."

రెండు కోసుల బాట. ఎంత నడిచినా దేవరకొండ ఖిల్లా గుట్ట దగ్గరికి రాదు. తడి గొంగడి వాసన, కాళ్ల కింద నిప్పుల్లాంటి దుబ్బ, చేతిలో నీళ్లముంత. అమ్మవారు వెంట వస్తుందని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, కనపడిన ప్రతి వేపచెట్టుకూ మొక్కాను. ఒక చెట్టు కింద మాత్రం "నన్ను గాదు తల్లీ, వాణ్నే తీస్కపో" అన్నాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ మాట అన్న కాసేపటికే గొంగడిలో గొరగొర ఆగింది. అమ్మ నిలబడిపోయి వాడి వీపు చరిచింది. మళ్లీ గొరగొర మొదలయ్యాక గానీ నేను ఏడవలేదు.

దవాఖానలో డాక్టరు చెంచాతో నాలుక నొక్కి, బ్యాటరీ వేసి చూసి కేకేశాడు. గొంతులో తెల్లటి పొర అల్లుకుంది, అమ్మవారు కాదు, రేపటిదాకా ఆగితే ఊపిరాడకపోయేది అన్నాడు. సూదులేశారు. చాలా రోజులు దవాఖాన అరుగు మీదే వండుకు తిన్నాం. మల్లేశు బతికాడు. అవ్వ మాత్రం తప్పు మన్నించమని అమ్మవారికి బోనం చేసింది.

అమ్మ ముసలిదయ్యాక అడిగాను, ఆ దినం ఏం వాసనొచ్చిందే అని.

"ఏ వాసన రాలే బిడ్డా. ఏడ్సి ఏడ్సి ముక్కు దిబ్బడేసి ఉండె. భయమైంది, గంతే. కోడలికి భయమైందంటే అత్త ఇంటదా? గొర్రె మాటైతే ఇంటది."

ఇప్పుడు మా దొడ్డి జాగాలో ఎవరివో ఇళ్లున్నాయి. మంద లేదు, గొంగడి నేసేవాళ్లు లేరు, అవ్వ లేదు, అమ్మా లేదు. మొన్న నేనింకా పిల్ల మీద వంగి ఉండగానే జ్వరంపుల్ల కూసింది. "నూరే ఉందత్తమ్మా, మాత్రేసిన, పొద్దుగాలకు తగ్గుతది" అంది కోడలు.

పిల్ల కళ్లు తెరవడం లేదు. నాకు సబ్బు, నూనె తప్ప వేరే ఏ వాసనా రాలేదు, భయమైంది.

"వాసన మారింది, ఆటోను పిలువు" అన్నాను.