సారు మెషీన్లో వచ్చిందా?

ఈ ఉదయం రైలు వేళలు చూద్దామని ఫోను తెరిస్తే పేజీ బోసిగా వచ్చింది. రంగు లేదు, గడులు లేవు. తెల్లని నేల మీద నల్లని అక్షరాలు ఎడమ అంచున ఒకదాని కింద ఒకటి పేరుకుని ఉన్నాయి. నడుమ నడుమ నీలిగీతలు. మరుక్షణమే అలంకారమంతా వచ్చి కుదురుకున్నది. కాని ఆ క్షణమాత్రపు తెల్లదనం చాలు, నా నోటికి చేదు తగలడానికి. సూర్యనారాయణగారు గుర్తుకు వచ్చారు.

ప్రబంధాలు చదువుకున్న నేను కంప్యూటరు పనిలో ప్రవేశించడం విధివిలాసం. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చి బారిడీహ్‌లో కాపురముంటే, అక్కడ తెలుగు పండితురాలి కొలువు ఎక్కడ దొరుకుతుంది? కంప్యూటరు కోర్సు చేసి, ఒక కర్మాగారంలో తాత్కాలికోద్యోగినిగా చేరాను. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. మా విభాగాధిపతి సూర్యనారాయణగారు విజయనగరం వైపువారు. "ఛందస్సు వచ్చినదానివి, ప్రోగ్రాము రాదేటి? గణం తప్పితే నీ చెవి చెప్తది కదా. ఇక్కడ మెషీను చెప్తది, అంతే తేడా" అని మొదటిరోజే నా బెరుకు పోగొట్టినవారు ఆయనే.

కర్మాగారంలోనివారికి మాత్రమే కనబడే వెబ్‌సైటు ఒకటి మా సర్వరులో ఉండేది. ఏ శాఖవారు తెరిస్తే ఆ శాఖ రంగులతో పేజీ కనబడాలి. అందుకు పేజీ రంగులు, అమరికల నియమాలుండే స్టైల్‌షీటును ముందే రాసిపెట్టక, అడిగిన క్షణాన కూర్చి పంపే ప్రోగ్రామును నేను రాశాను. అది సవ్యంగా నడిస్తే నా కొలువు ఖాయమవుతుందని మాట. అయితే మా విభాగంలో ఒక ఆచారముండేది. ఏ పనికైనా తుదిపరీక్ష సూర్యనారాయణగారి కంప్యూటరు మీదనే. "సారు మెషీన్లో వచ్చిందా?" అనేవారు, వచ్చిందంటే వచ్చినట్టే. అందులోని పాత బ్రౌజరును ఆయన ఎవరినీ మార్చనిచ్చేవారు కారు.

సర్వరు మార్చిన కొద్దిరోజులకు పెద్ద మేనేజరుగారు సైటు చూడబోయారు. ఆయన కొత్త కంప్యూటరులో పేజీ ఇట్లాగే బోసిగా తెరుచుకున్నది. సారు మెషీన్లో మాత్రం సలక్షణంగా ఉంది. మధ్యాహ్నానికి సంజాయిషీ కావాలన్నారు. నేను పేజీనే పదేపదే తిరగేస్తూ కూర్చుంటే, సారు వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"ఏటి చూత్తన్నావు?"

"పేజీ సార్."

"పేజీ ఏటి చేసిందమ్మా పాపం! అన్నం రాలేదని విస్తరిని తిడతావేటి? వంటింట్లోకెళ్లి చూడు. స్టైల్‌షీటునే నేరుగా పిలు."

దాని చిరునామానే కొట్టి పిలిచాను. నియమాలన్నీ తెర మీద వరుసగా దిగాయి. లోపమేమీ లేదు.

"సరుకు బాగుంది కదా. మరి కొత్త బ్రౌజరు ఎందుకు తోసేత్తంది? మూట మీద ఏటి రాసుందో చూడు."

సర్వరు ఏది పంపినా, ఇది ఫలానా రకమని ఒక మాట జతచేస్తుంది. మేము పంపుతున్నది స్టైల్‌షీటు. మూట మీద మాత్రం మామూలు పేజీ అని ఉంది. పాత బ్రౌజరు సర్దుకుపోయింది. కొత్తది నియమం పట్టుకుని తిరస్కరించింది. ఆ రకాన్ని ప్రకటించే వాక్యం నా ప్రతిలో ఉంది, కొత్త సర్వరులో లేదు.

సారు నుదురు కొట్టుకుని నవ్వారు. "ఓలమ్మా, నేనే తీసేసినాను! సర్వరు మార్చిననాడు ఏదో వార్నింగు చూపిత్తంటే ఆ లైను ఎత్తేసినాను. నా మెషీన్లో రంగులొచ్చేసినాయి కదా, ఇంకేటని ఊరుకున్నాను."

నేనూ నవ్వాను. ఇంత తేలికగా తప్పొప్పుకోగల అధికారి దొరికినందుకు లోలోపల గర్వపడ్డాను కూడా.

మధ్యాహ్నం పెద్ద మేనేజరుగారు, తప్పు ఎవరిదని హిందీలో అడిగారు. నేను సారు వైపు చూశాను. ఆయన తెర వైపు చూశారు. "శారదా సే ఏక్ లైన్ ఛూట్ గయీ థీ, సర్. మైనే ఠీక్ కర్ దియా." నావల్ల ఒక వాక్యం జారిపోయిందట, తాము సరిచేశారట.

"సార్, ఆ లైను..."

"తరవాత మాటాడదామమ్మా" అన్నారు తెలుగులో, ఎంతో మృదువుగా. ఆ గదిలో ఆ భాష మా ఇద్దరికే వచ్చు.

ఆ తరవాత అన్నది రానే లేదు. కొలువు ఖాయం కాలేదు. గడువు ముగియగానే నన్ను పంపించివేశారు. ఊళ్లోనే జుగ్సలాయి బజారులో ఒక టోకు వ్యాపారి గిడ్డంగిలో, మిరపకాయల ఘాటు నడుమ, సరుకుల వివరాలు కంప్యూటరులో ఎక్కించే పనికి కుదురుకున్నాను.

చాలా ఏళ్లకు ఆయన ఉద్యోగవిరమణ చేశారు. జంషెడ్‌పూర్ తెలుగువారికి సన్మానమంటే పద్యాలు చదివి తీరవలసిందే. పద్యం కట్టేదాన్నని నన్నే అడిగారు. రాశాను. ఒక్క గణం తప్పలేదు, ఒక్క అబద్ధం చెప్పలేదు. దోషం ఎక్కడుందో కనిపెట్టడంలో ఆయనకు సాటి లేరన్నాను. సత్యమన్న మాట మాత్రం ఎక్కడా వాడలేదు.

శాలువా సర్దుకుంటూ ఆయన నా దగ్గరకు వచ్చారు. "బాగున్నాయమ్మా. ఏటో ఒక్క లైను తగ్గినట్టుంది."

"నేనేదీ తీసేయలేదండీ" అన్నాను.

ఆయన మరొకరి నమస్కారం అందుకోవడానికి అటు తిరిగారు.

ఈనాటికీ ఏది చెడినా నేను పైపైన వెదకను. మూలాన్ని నేరుగా పిలుస్తాను, మూట మీది మాట చదువుతాను. ఆ విద్య ఆయన పెట్టిన భిక్షే, కాదనను. కాని ఎవరైనా అంత మృదువుగా "అమ్మా" అంటే చాలు, నా వెన్ను బిగుసుకుంటుంది.