కోల్డ్ స్టోరేజీలో మూడు పిలుపులు

ఇది ఒక మహాగాథ. ఇందులో వీరుడున్నాడు, వాద్యముంది, చీకటి గుహ ఉంది, చనిపోయిన మనిషిని పేరున పిలవడముంది, అవతలి నుంచి జవాబు రావడమూ ఉంది. పర్వాలుగా విడగొట్టి, ఒక్కో పర్వానికి గంభీరమైన పేరు పెట్టి రాద్దామనుకున్నాను.

తీరా కూర్చుంటే తేలిందేమిటంటే, మొత్తం వ్యవహారం గంటన్నర. వీరుడు మా మామ. గుహ, ఒకప్పుడు టమోటాలు దాచిన కోల్డ్ స్టోరేజీ. కాబట్టి పర్వాలు లేవు. ఉన్నది చెప్తాను.

మా మామది పుంగనూరు. అమ్మకు తమ్ముడు. బ్యాండ్ సెట్టులో శాక్సాఫోను వాయిస్తాడు. నా చిన్నప్పుడు ఆయన ఎర్రకోటు తొడుక్కుని పెళ్ళి ఊరేగింపుల ముందు నడిచేవాడు. తర్వాత డీజే బాక్సులొచ్చాయి. పెళ్ళిళ్ళు పోయాయి, బారసాలలు పోయాయి, చివరికి మిగిలినవి చావులు. ఎందుకో మనవాళ్ళు ఆ ఒక్క చోట ఇంకా బాక్సుల్ని నమ్మడం లేదు. పాడె ముందు ఊపిరున్న మనిషే నడవాలి.

"నా వాయింపు ఇనేదానికనే వచ్చేటోడు ఒగడే రా అల్లుడా," అనేవాడు మామ. "వాడూ పండుకోనుంటాడు. బతికుండే మడుసులు కుర్చీల్లో కూకోని ఇనేది ఒగసారి సూడాల నేను."

ఆయన కోరిక అంతే. పెద్దదేం కాదు. కానీ కొన్నేళ్ళుగా ఆయన పెళ్ళివాళ్ళ ఫోను కోసం చూసిన చూపు నాకు తెలుసు. ఫోను మోగగానే లేచి నిలబడేవాడు. అవతలివాళ్ళ గొంతు ఏడుస్తున్నట్టుంటే మళ్ళీ కూర్చునేవాడు.

నేను మదనపల్లెలో ఒక మొబైల్ షాపులో పని చేస్తాను. నా కళ ఏమిటంటే స్క్రీన్ గార్డు బుడగ లేకుండా అంటించడం. అట్లా ఒకరోజు ఒకాయన ఫోనుకు అంటిస్తుంటే, తాను ఊరి చివర జాజ్ క్లబ్బు పెట్టానని చెప్పాడు. ఆయనది కుప్పం. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చాలా ఏళ్ళు చేసి, విసుగెత్తి, పాత కోల్డ్ స్టోరేజీ ఒకటి అద్దెకు తీసుకున్నాడు. పన్నెండు టేబుళ్ళు. శనివారం సాయంత్రాలు బెంగళూరు నుంచి ముగ్గురొచ్చి వాయిస్తారు. బారు లైసెన్సు రాలేదు కాబట్టి జాజ్‌ను నిమ్మసోడాతో వినాలి.

నా ఫోనులో ఉన్న మామ వాయింపు వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఈ శనివారం పిలుచుకోని రాప్పా. బాగుంటే ప్రతి శనివారం ఆయన్దే. ఒగటే మాట, సావు పాటలొద్దు. ఆ వాసన కూడా రాగూడదు."

పుంగనూరులో ఈ వార్త చెప్తే అత్త ముందు సందేహపడింది.

"జాజా? పూలకొట్టా అది?"

"కాదత్తా, పాట."

"పేరు బాగుండాది. మల్లి కూడా వాయిస్తారా?"

మామ నవ్వలేదు. క్లబ్బు ఆయనది ఏ ఊరని అడిగాడు. కుప్పమని చెప్పాను. వాళ్ళ నాయన పేరడిగాడు. చెప్పాను. మామ లోపలికెళ్ళి శాక్సాఫోను తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

శనివారం సాయంత్రం మదనపల్లె బస్టాండులో దిగిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. నల్ల కళ్ళద్దాలు, నా పాత టోపీ, మీసం లేదు.

"ఏంది మామా ఈ వేషం? బ్యాంకు దోసేదానికి పోతాండామా?"

"నవ్వద్దు రా. ఆయప్ప నన్ను గుర్తుపట్టినాడంటే శనివారాలు పోయినట్టే."

టీ అంగడి ముందు నిలబడి విషయం చెప్పాడు. క్లబ్బు ఆయన తండ్రి చనిపోయినప్పుడు కుప్పంలో పాడె ముందు వాయించింది మామే.

మనవైపు పాడె శ్మశానానికి పోతూ దారిలో ఒక చోట దిగుతుంది. దింపుడు కళ్ళం అంటారు. పాడె నేలకు తగిలిన చప్పుడు వినగానే బ్యాండు ఆగిపోవాలి. పాట ఎక్కడుంటే అక్కడే, ఊపిరి సగంలో ఉన్నా సరే. అప్పుడు కొడుకు వంగి చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఇంకా ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. పలకరు. పాడె లేస్తుంది, బ్యాండు మొదలవుతుంది.

"ఆ దినం పాడె దించినారు, నేను ఆపితిని. కొడుకు రాలేదు. బెంగళూరు రైలు యాడో సిగ్నల్ కాడ నిలబడిపోయిందంట. నేను ఆపుకోనే ఉండా. ఎండ ఎక్కతాండాది, ఎత్తండప్పా అని ఒగాయన తరిమె. వాళ్ళ సిన్నాయన పిలిసె. పాడె లేసె. నేను వాయిస్తిని." మామ టీ గ్లాసు తిప్పుతున్నాడు. "మలుపు కాడ ఆయప్ప ఆటో దిగి పరిగెత్తుకోని వచ్చె. బ్యాగు బుజానే ఉండాది. నా తట్టు ఒగ సూపు సూసె. నేను వాయించకుండా ఉండింటే పాడె నిలబడుండును గదా అన్నట్టు."

నేనేమన్నానంటే, "కళ్ళద్దాలు బాగున్నాయి మామా, తీయొద్దు."

క్లబ్బు తలుపు జానెడు మందం. అది మూసుకున్నప్పుడు చప్పుడు కాలేదు, ఉన్న చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. రోడ్డు పోయింది, కుక్కలు పోయాయి, నా చెవుల్లో నా రక్తం వినపడింది. లోపల కిటికీ లేదు. మిషన్లు పీకేసి చాలాకాలమైనా నేలలోంచి చలి ఎక్కుతూనే ఉంది. గోడల వెంట పాత ఇనుప పైపులు అట్లాగే ఉన్నాయి. మూలల్లో కుళ్ళిన టమోటాల తీపి వాసన. ప్రతి టేబులు మీదా ఒక కొవ్వొత్తి. వెలుగు కింది నుంచి పడడంతో అందరి ముఖాలూ కళ్ళు లేనట్టు గుంటలుగా కనిపించాయి. అందులో ఒకరు మా షాపులో వారం కిందట కవర్ మార్చుకున్న లెక్చరరు. ఆయన నాకు చెయ్యి ఊపాడు. భయం కాస్త తగ్గింది.

ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మీద 'రిజర్వుడు' అని అట్టముక్క. ఇంతమంది చోటు వెతుక్కుంటున్నా ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు. ఎవరి కోసమని మెల్లగా క్లబ్బు ఆయన్ని అడిగాను.

"దానికి కాలు సరిగా లేదప్పా," అన్నాడు.

బెంగళూరు వాళ్ళు ముగ్గురూ వాయించాక మామ స్టేజీ ఎక్కాడు. నల్ల కళ్ళద్దాలతో ఆ చీకట్లో స్టాండుకు తగిలి, మైకుకు దండం పెట్టాడు. క్లబ్బు ఆయనే స్టేజీ దగ్గరికొచ్చి, జాజ్ అంటే ఏమిటో మామకు రెండు ముక్కల్లో చెప్పాడు. అందరూ కలిసి ఒక పాటతో బయల్దేరాలి, మధ్యలో ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు పోవచ్చు, చివరికి అందరూ మళ్ళీ ఇంటికి రావాలి.

"మా దాంట్లోనూ అంతే సామీ," అన్నాడు మామ గొంతు మార్చి. "పొయ్యేటప్పుడుండే మడుసుల్లో వచ్చేటప్పుడు ఒగరు తక్కువ."

అదృష్టవశాత్తూ అది జోకనుకున్నారు.

వాయించడం మొదలుపెట్టాడు. ఆయన్ని నేనెప్పుడూ రోడ్డు మీద, ఎండలో, డప్పుల మధ్య విన్నాను. ఇక్కడ ఒక్కడే. ఆ గదిలో శబ్దానికి తిరిగొచ్చే దారి లేదు, గోడలు మింగేస్తున్నాయి. ఆయన ఊదిందల్లా మన మెడ దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోతోంది. జనం సోడా గ్లాసులు దించి వింటున్నారు. అందరూ కూర్చునే ఉన్నారు. అందరూ బతికే ఉన్నారు. మామ అది చూశాడు. చూశాడని నాకెట్లా తెలుసంటే, కళ్ళద్దాలు కాస్త కిందికి జార్చి వరసగా లెక్కపెట్టుకున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

స్టేజీ లైట్లతో పాటు కీబోర్డు పోయింది, బేసు గిటారు పోయింది. డ్రమ్సు వాయించే ఆయన చేతులాపాడు. తలుపు ఎవరో తీసి మూసినట్టున్నారు, ఒక చల్లగాలి వచ్చి కొవ్వొత్తుల్ని చాలావరకు తీసుకెళ్ళింది. శాక్సాఫోను మాత్రం ఆగలేదు. కరెంటు అక్కర్లేని మనిషి మా మామ. చీకట్లో ఆ స్వరం అటూ ఇటూ తిరుగుతూ, ఇంటికి దారి వెతుక్కుంటున్నట్టు పైకి పోతోంది.

ధబ్.

ఏదో బరువైనది నేలకు తగిలింది. మామ వాయింపు తెగిపోయింది. స్వరం సగంలో, ఊపిరి సగంలో.

నా ఒళ్ళు జలదరించింది. ఎందుకాగాడో ఆ గదిలో నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆయన ఆపలేదు, ఆయన ఒళ్ళు ఆపింది. అన్నేళ్ళుగా ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆగిన ఒళ్ళది. ఇక శనివారాలు అయిపోయాయనుకున్నాను. వద్దన్న వాసన గది నిండా ఉంది.

ఎవరూ దగ్గలేదు. ఎవరూ కదల్లేదు.

"నాయనా."

చప్పుడైన చోటి నుంచే, మెల్లగా. మొదట ఎవరో ఎవరినో సోడా అడుగుతున్నారనుకున్నాను. మంచి ఆలోచన కాదు, కానీ ఆ సమయానికి అదే వచ్చింది.

"నాయనా."

క్లబ్బు ఆయన గొంతు. ఐసు నింపిన టమోటా క్రేటు మోసుకొస్తూ, కరెంటు పోవడంతో దారి కనపడక కింద పెట్టాడు. పెట్టిన చప్పుడుకు వాయింపు ఆగింది. ఆ ఆగడమేమిటో ఆయనకు తెలిసిపోయింది. తన కోసం ఆగని బ్యాండు ఇప్పుడు ఆగింది. ఈసారి ఎండ ఎక్కతాండాదని తరిమేవాళ్ళు లేరు.

మామ ఆపుకునే ఉన్నాడు. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

"నాయనా!"

మూడోది గట్టిగా వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. ఇక పాడె లేవాలి.

ఊఁ.

గోడలోంచి వచ్చింది. లోతుగా, బొంగురుగా, నిద్రలోంచి పలికిన ముసలాయన గొంతులా. నేలలోకి పాకింది. ముందు వరసలో ఎవరూ కూర్చోని కుర్చీ టకటకలాడింది. లెక్చరరు నా చెయ్యి పట్టుకున్నాడు. లేదా నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ విషయం మేమిద్దరం తర్వాత మాట్లాడుకోలేదు.

ఎంతసేపో తెలియదు. అప్పుడు క్లబ్బు ఆయన క్రేటు ఎత్తాడు. ప్లాస్టిక్కు నేల మీద గీసుకున్న చప్పుడు. పాడె లేచింది. మామ తెగిన స్వరం తెగిన చోటి నుంచే అందుకున్నాడు. చావు పాట కాదు, వాయిస్తున్న పాటే. దాన్ని మెల్లగా ఇంటికి తీసుకొచ్చి దించాడు. కాసేపటికి లైట్లొచ్చాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

బేసు వాయించే కుర్రాయన మామ చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఆ పాజ్ అద్భుతం సార్! యాడ నేర్చుకున్నారు?"

"రోడ్డు మీద సామీ."

అందరూ వెళ్ళాక క్లబ్బు ఆయన వచ్చి మా ముందు నిలబడ్డాడు. మామ తనంతట తానే కళ్ళద్దాలు తీసేశాడు.

"ఆ దినం నువ్వే గదప్పా?"

"నేనే సామీ. ఇంగొంచేపు ఆపుండాల్సింది. తప్పయిపాయ."

"ఈ దినం ఆపితివి గదా," అన్నాడు ఆయన. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకూ వినపడిందా? ఊఁ అనె."

"వినపడిందన్నా," అన్నాను. అబద్ధం కాదు.

మామతో అన్నాడు: "వచ్చే శనివారం ఏడుకంతా వచ్చెయ్. ప్రతి శనివారం నీదే. ఆ కండ్లద్దాలు మాత్రం వద్దు, స్టాండు పడగొడతావు."

పుంగనూరు బస్సులో మామ శాక్సాఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక, "నలభై ముగ్గురు రా," అన్నాడు. "అందరూ కూకోనే ఉండారు."

సోమవారం క్లబ్బు ఆయన ఫోను చేశాడు. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కడం లేదట, ఎవరైనా మెకానిక్కు తెలుసా అని. నాకు తెలిసినాయన్ని వెంటబెట్టుకుని పోయాను. కోల్డ్ స్టోరేజీ వెనక గోడకు ఆనించి పాత త్రీఫేజు మోటారుంది. ఆటో స్టార్టరు, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అవుతుంది. దాని పైపు గోడలోంచి గదిలోకి పోతుంది. మెకానిక్కు మూత విప్పి వాసన చూశాడు.

"శనివారం సాయంత్రం ఈ లైన్లో కరెంటు పోయి, లైట్ల ఫేజు కాకుండా తక్కిన రెండు ఫేజులే ముందు వచ్చింటాది. మోటారు తిరగదు. ఊరికే గుర్రుమంటాది."

"ఎట్లా అంటుంది?"

వక్కపలుకు నముల్తూనే అని చూపించాడు. "ఊఁ."

పట్టపగలు, ఎండలో, మళ్ళీ నా ఒళ్ళు జలదరించింది.

"అన్నా, ఈ ముక్క లోపలాయనకు చెప్పొద్దు."

"యాల?"

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి ఎలక వైరు కొరికిందని చెప్పాడు.

మామ ఇప్పటికీ ప్రతి శనివారం వాయిస్తున్నాడు. మీసం మళ్ళీ పెంచాడు. పాట సగంలో ఒక్కసారి ఆపుతాడు. బెంగళూరు వాళ్ళు దాని కోసమే వస్తారు. అప్పుడు క్లబ్బు ఆయన ఏ పనిలో ఉన్నా ఆ గోడ వైపు తిరిగి నిలబడతాడు.

ఇంట్లో త్రీఫేజు మోటారున్నవాళ్ళకు ఒక మాట. రెండు ఫేజులే వచ్చినప్పుడు మోటారు తిరగదు, ఊఁ అని మాత్రం అంటుంది. వెంటనే స్టార్టరు ఆఫ్ చేయాలి. లేకపోతే వైండింగు కాలిపోతుంది.